ఇద్దరి డ్రాఫ్టు, ఒక ఫెయిర్ కాపీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది దయతో ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో మనం కరువు భత్యం గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మన కార్యదర్శి గారు నన్ను పట్టుకొని, "మీరు ఇంకొకరితో కలిసి నవల రాసి, సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించుకున్నారు గదా, ఆ కష్టసుఖాలు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఉపన్యాసం నాకు చేతగాదు. కాగితం మీద రాసుకొచ్చి చదవడం తెలుసు. అదే చేస్తున్నాను. మన్నించగలరు.

నేను 1973లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. ఈ 36 ఏళ్లలో నేను రాసిన కాగితాలన్నీ ఒకచోట పేరిస్తే ఈ హాలు పట్టదు. కానీ ఒక్కదాని కిందనైనా నా పేరు లేదు. డ్రాఫ్టు నాది, సంతకం ఆఫీసరు గారిది. నోట్‌ఫైలు మార్జిన్‌లో నా పొడి అక్షరాలు మాత్రం ఉండేవి. ఇక్కడున్న గుమాస్తా సోదరులందరి కథ ఇదే. అందుకని రిటైరైన తరువాత నా పేరుతో ఒక పుస్తకం ఉండాలని కోరిక కలిగింది. తీరా అది నెరవేరేనాటికి ఆ పేరు పక్కన ఇంకొక పేరు ఉన్నది. ఆ రెండో పేరు వల్ల నేను నేర్చుకున్నదే ఈ రోజు చెప్పదలచుకున్నాను.

2019లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీ ఆఫీసుకు పోయి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దమనిషి ఉన్నారు. వనపర్తిలో ఉంటారట. రిటైరైన ఉపాధ్యాయుడు. నల్లగొండలో బిడ్డ ఇంటికి వచ్చి, పనిలో పనిగా ఇక్కడే సర్టిఫికెట్ ఇచ్చిపోదామని వచ్చారు. మాటల మధ్య "మీ సొంతూరు ఏది?" అని అడిగాను. "ఊరు లేదు సారూ, నీళ్ల కింద ఉన్నది" అన్నారు.

శ్రీశైలం జలాశయం కోసం కృష్ణ ఒడ్డునా తుంగభద్ర ఒడ్డునా అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లు ఎన్నో ముంపులో పోయిన సంగతి మీకు తెలుసు. 1980ల మొదట్లో వాటిని ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. సోమశిల గుడిని ఎగువకు తరలించారు. ఆ మాట వచ్చినప్పుడు ఆయన అన్నారు: "గుడి రాళ్లకు అంకెలు వేసిన్రు. మా ఇండ్లకు కూడ అంకెలు వేసిన్రు. గుడి మల్ల నిలబడ్డది."

ఆ వాక్యం నన్ను వదలలేదు. ఇంటికి వచ్చి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అయితే నా ఉద్యోగంలో కొన్నేళ్లు నేనూ ఒక భూసేకరణ ఆఫీసులో నష్టపరిహారం లెక్కల సీటు చూశానన్న సంగతి ఆ రోజు ఆయనకు చెప్పలేదు. ఏ ఆఫీసన్నది అప్రస్తుతం. వాళ్ల ఊరి ఫైలు నా చేతి మీదుగా పోలేదు. కానీ అలాంటి ఫైళ్లే పోయినవి. ఈ మాట చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. విని ఆయన కోపగించలేదు. "అట్లయితే మనిద్దరం కలిసి రాద్దాం సారూ. నేను చూసిన ముచ్చట నేను రాస్త, ఫైలులో ఏమున్నదో మీరు రాయుండ్రి" అన్నారు. ఆ విధంగా మా జంట రచన మొదలైంది.

జంట రచన మన సాహిత్యానికి కొత్తదేమీ కాదు. తిరుపతి వేంకట కవులు మన పాలమూరు సీమకు వచ్చి గద్వాల, ఆత్మకూరు సంస్థానాలలో సన్మానాలు పొందినవారే. ఇద్దరిలో ఎవరు రాసినా ఇద్దరి పేరునే చెలామణి చేశారు. 1920లో తిరుపతి శాస్త్రి గారు కాలం చేసిన తరువాత కూడా, 1950లో తాము పోయేదాకా, వేంకట శాస్త్రి గారు జంట పేరు వదలలేదు. వేంకట పార్వతీశ కవులు కావ్యాలే కాక "మాతృమందిరం" వంటి నవల కూడా కలిసే రాశారు. ఇవన్నీ తలచుకొని, మాకేమి కష్టమని అనుకున్నాం. కానీ వారు పడుచుతనంలో జతకట్టినవారు. మేము కలిసేనాటికి ఇద్దరికీ ఎవరి అలవాట్లు వారికి ముదిరిపోయి ఉన్నవి. ఆయన తెల్లవారుజామున మూడింటికి లేచి రాస్తారు. నేను పది గంటలకు కుర్చీలో కూర్చుంటేనే కలం సాగుతుంది. ఆఫీసు వేళలు ఇంకా నా ఒంట్లోంచి పోలేదు.

నవల కథ టూకీగా చెబుతాను. పేరు మాత్రం చెప్పను. చెబితే అమ్మకానికి వచ్చానంటారు. కృష్ణ ఒడ్డు ఊరి ఆడపిల్లను మా నల్లగొండ మెట్ట ఊరికి ఇస్తారు. ఆమె పుట్టినింటిని నది ముంచుతుంది. అత్తింట తాగడానికి బావినీళ్లే గతి. ఆ నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్లు గారపడతాయి, నడివయసుకే పెనిమిటి నడుము వంగుతుంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ వాళ్లు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతి ఒకటి కనిపెట్టి దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. మన జిల్లా పేరు దేశదేశాల ఇంజనీర్ల పుస్తకాలకు ఎక్కింది ఆ విధంగానే. తల్లి ఇంటిని ముంచిన కృష్ణమ్మ, బిడ్డ ఇంటి కుండలోకి రావడానికి ఎన్నేళ్లు పట్టిందన్నదే మా కథ. నది ఒడ్డు ప్రకరణాలు ఆయనవి, మెట్ట ఊరి ప్రకరణాలు నావి. నష్టపరిహారం ప్రకరణాలు ఇద్దరివీ. గొడవ వచ్చింది అక్కడే. దానికి తరువాత వస్తాను.

పద్ధతి ఏమనగా, ఆయన లాంగ్ నోటుబుక్కులో రాసి తెచ్చేవారు, నేనూ రాసి తీసుకుపోయేవాణ్ణి. నెలకొకసారి ఇద్దరికీ మధ్యనున్న కల్వకుర్తి బస్టాండులో కలుసుకొని, చాయ్ హోటల్లో కూర్చొని పుస్తకాలు మార్చుకునేవాళ్లం. హోటలతను మమ్మల్ని చిట్టీల వ్యాపారులనుకున్నాడు. 2020లో కరోనా వచ్చి రాకపోకలు బంద్ అయిన తరువాత రెండేళ్లు ఫోనులోనే చదివి వినిపించుకున్నాం. ఒక్కొక్క ప్రకరణానికి రెండు గంటలు పట్టేది. మా ఇంటావిడ, "ఈ వయసులో రామకోటి రాసుకుంటే పుణ్యమన్నా వచ్చేది" అని నిష్ఠూరమాడేది. అయినా నేను ఫోను పట్టుకున్నప్పుడు టీవీ సౌండు తగ్గించేది కూడా ఆవిడే.

మొదటి చిక్కు భాష దగ్గర వచ్చింది. మా వైపు "పోయిండు" అంటాం. నది ఒడ్డు ఊళ్లలో కర్నూలు పలుకు కలిసి "పోయినాడు" అనేవాళ్లు ఉన్నారు. అంతా ఒకే తీరుగా మార్చి రాద్దామన్నాను నేను. ఆఫీసు బుద్ధి. ఆయన ఒప్పుకోలేదు. "ఆ పిల్ల పెండ్లయి మీ ఊరికి వచ్చినంక ఆమె మాట జరజర మారాలె సారూ. మొదటి పేజీలనే మార్చితే ఆమె పుట్టిల్లు మనమే ముంచినట్లు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రెండో చిక్కు లెక్కల దగ్గర. ఆయన ప్రకరణంలో ఇద్దరు పిల్లలున్న తల్లికి నా ప్రకరణంలో ముగ్గురున్నారు. నాలుగో ప్రకరణంలో ఆయన చంపేసిన తాత, తొమ్మిదో ప్రకరణంలో నేను జరిపించిన పెళ్లిలో అక్షింతలు వేస్తున్నాడు. అప్పుడు నా పాత విద్య అక్కరకు వచ్చింది. మనం సీటులో పర్సనల్ రిజిస్టర్ పెట్టేవాళ్లం గదా, అలాగే పాత్రలకు ఒక రిజిస్టరు తెరిచాను. పాత్ర పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు, పెళ్లి, సంతానం, చనిపోయిన ప్రకరణం, రిమార్కులు. అప్పటి నుంచి చచ్చినవాళ్లు పెళ్లిళ్లకు రావడం మానేశారు.

మూడో చిక్కు వయసు. 2022 నాటికి ఆయనకు నీటికాసులు ముదిరి అక్షరాలు ఆనడం మానేశాయి. చివరి ఆరు ప్రకరణాలు ఆయన చెబుతుంటే మనవరాలు రాసింది. ఆ పిల్ల ఫోనులోనే టకటకా టైపు చేసి పంపేది. మనం టైపు హయ్యర్ పాసవడానికి ఎన్ని నెలలు ఇన్‌స్టిట్యూట్ చుట్టూ తిరిగామో గుర్తుకొచ్చి నవ్వుకున్నాను.

నవల పూర్తయింది. ఇక అచ్చు. ఒక ప్రచురణ సంస్థకు పంపితే, ఈ రోజుల్లో కొత్తవాళ్ల నవలలు పోవడం లేదని తిప్పి పంపారు. ఇంకొకరు ఖర్చంతా మీరు పెట్టుకుంటే మా పేరు వేస్తామన్నారు. ఒకప్పుడు సీరియల్ వేసుకునే వారపత్రికలుండేవి. వాటిలో చాలావరకు మూతపడ్డాయి. అప్పుడు నాకు మన వట్టికోట ఆళ్వారుస్వామి గారు గుర్తుకు వచ్చారు. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టి, పెద్ద చదువు లేకుండా, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకొని ఊరూరా అమ్మిన మనిషి. ఆయన రెండో నవల "గంగు" పూర్తి కాకుండానే 1961లో పోయారు. ఆ నవల తరువాత అసంపూర్ణంగానే వెలువడింది. జైళ్లకు పోయినాయన పుస్తకాలు మోశాడు, పెన్షన్ తీసుకునేవాడికి మోయడానికి ఏమి నామోషీ అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకొక ధైర్యం అలంపురం గడియారం రామకృష్ణ శర్మ గారు. తన జీవితకథ "శతపత్రము"ను వృద్ధాప్యంలో రాశారు. 2006లో వారు పోయిన తరువాత, 2007కు గాను ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మనకు బహుమతులు రావు. ఆలస్యమైనంత మాత్రాన రాసినది వృథా కాదన్న సంగతి మాత్రం తెలిసింది.

డబ్బు సంగతి. 2021 పీఆర్సీలో మన రాష్ట్రంలో 70 ఏళ్లు నిండినవారికి 15 శాతం అదనపు పెన్షన్ ఇచ్చారు. నాకు ఆ ఏడే 70 నిండాయి. ఆ అదనపు డబ్బు ఇంట్లో చెప్పి విడిగా దాచాను. ఆయన కూడా తన వాటా సర్దారు.

డీటీపీ దగ్గర ఇంకొక పాట్లు. మనవరాలు ఫోనులో టైపు చేసింది యూనికోడ్ అక్షరాలలో. డీటీపీ అతను వాడేది పేజ్‌మేకర్‌లో అను అక్షరాలు. ఒకదాని నుంచి ఇంకొకదానికి మార్చేసరికి వత్తులు ఊడిపోయినవి, కొన్ని పక్క అక్షరానికి అతుక్కున్నవి. 240 పేజీలు మూడుసార్లు ప్రూఫు చూశాను. మొదటిసారి కళ్లతో, రెండోసారి స్కేలు పెట్టి, మూడోసారి ఫోనులో గట్టిగా చదువుతూ. ఆయన కళ్లు పోయినా చెవి పదునుగానే ఉన్నది. నేను చూసి వదిలేసిన తప్పులు ఆయన విని పట్టుకున్నారు.

మిత్రులారా, ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నష్టపరిహారం ప్రకరణంలో ఒక ఘట్టం ఉన్నది. ముసలి తల్లి ఇంటి పెరట్లో చింతచెట్టు. లెక్కలకు వచ్చినవారు కాపు లేని కాలంలో వచ్చి "కాపు లేనిది" అని రాసుకుపోయారు. కాసే చెట్టుకు ఒక ధర, కాయని చెట్టుకు కట్టె ధర. ఆ తల్లి ఆఫీసుకు వచ్చి గుమాస్తా ముందు నిలబడి, ఆ చెట్టు ఏటా ఎన్ని బస్తాలు కాస్తుందో, ఎవరి పెళ్లికి ఎంత చింతపండు ఇచ్చిందో చెబుతుంది. ఆయన రాసిన వాక్యం ఇది: "గుమాస్తా తల ఎత్తలేదు." అంతే. ఆ తల్లి ఆయన కన్నతల్లి. ఆ రోజు ఆమె వెంట ఆఫీసుకు పోయింది ఆయనే.

ఆ వాక్యం నాకు మొదటి నుంచీ ముల్లులాగా ఉన్నది. "పంతులుగారూ, గుమాస్తా మరీ అంత రాతిమనిషా? పైవాళ్లు రాసిన లెక్క ప్రకారం బిల్లు కట్టడమే గదా వాడి పని? వాడికీ మనసుండదా?" అని వాదించాను. చాలాసార్లు చర్చ అయింది. చివరకు ఆ వాక్యం అలాగే ఉండాలని ఇద్దరం ఒప్పుకున్నాం. నేను కూడా సరేనన్నాను. ఫోనులో మూడో ప్రూఫు చదివినప్పుడు అలాగే చదివాను. కానీ ప్రెస్సుకు పంపే ముందు రోజు రాత్రి ఆ వాక్యం కొట్టివేసి, "గుమాస్తా తల ఎత్తి ఒక నిట్టూర్పు విడిచాడు" అని రాసి పంపాను. ఒక్క నిట్టూర్పే గదా, కథకు వచ్చిన నష్టమేమిటని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ప్రెస్సువాళ్లు ఒక్కొక్క ఫారం, అంటే 16 పేజీల చొప్పున, అచ్చు వేసి బైండింగుకు ముందు విడి ఫారాలు ఇచ్చారు. ఒక సెట్టు వనపర్తికి పంపాను. మనవరాలు చదివి వినిపించింది. పదకొండో ఫారం దగ్గర ఆయన ఆపమన్నారట. ఆ సాయంత్రం ఫోను వచ్చింది. కేకలు వేస్తారనుకున్నాను. మెల్లగా అన్నారు: "సారూ, ఆ దినం ఆయన తల ఎత్తలే. నేను ఆడ్నే ఉన్న. మా అమ్మ బతికున్నన్ని దినాలు అదే చెప్పింది. పైసలు తక్కువిచ్చిన్రని చెప్పలే, మొకం చూడలేదని చెప్పింది. మీరు అప్పుడు ఎత్తని తలకాయ ఇప్పుడు అచ్చుల ఎత్తుతరా?" ఫోను పెట్టేశారు.

నాకు ముందు కోపం వచ్చింది. ఆ గుమాస్తాను నేను కాను గదా అనుకున్నాను. నాలుగు నెలలు మాటలు లేవు. ఫారాలు ప్రెస్సులో దుమ్ము పడుతున్నవి. ఆ నాలుగు నెలలూ రాత్రిపూట నా సీటు కళ్ల ముందు కనిపించేది. నా బల్ల ముందు కూడా మనుషులు నిలబడ్డారు. గడపలు, బావులు, చెట్లు చెప్పుకున్నారు. వాళ్ల ముఖాలు గుర్తు చేసుకుందామని ప్రయత్నించాను. ఒక్క ముఖం గుర్తుకు రాలేదు. కాళ్లు గుర్తుకు వచ్చినవి. పగిలిన మడమలు, చేతిలో విప్పిన చెప్పులు. తల ఎత్తితే గదా ముఖం కనపడేది! చెడ్డవాణ్ణయి కాదు. తల ఎత్తితే ఆ రోజు ఫైళ్లు ముందుకు కదలవని, ముఖం చూస్తే ఆ అంకె వేయడానికి చేయి రాదని. కానీ ఎత్తలేదన్నది నిజం.

ఇంకొకటి. ఆఫీసరు ఆమోదించిన డ్రాఫ్టును ఫెయిర్ కాపీలో ఒక్క అక్షరం మార్చినా మనకు మెమో వచ్చేది. సర్వీసులో ఏనాడూ నేను ఆ పని చేయలేదు. ఎదుటి మనిషికి చూపు పోయిందని తెలిసీ, నా సొంత పుస్తకంలో చేశాను. ఈ సంగతి తట్టిన రోజు బస్సెక్కి వనపర్తి పోయాను. ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నారు. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, "రాండ్రి గుమాస్తాగారూ" అన్నారు. "పదకొండో ఫారం మళ్లీ అచ్చు వేయిస్తున్నాను. ఖర్చు నాది" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మనవరాలిని పిలిచి చాయ్ పెట్టమన్నారు. ఆ 16 పేజీలు తిరిగి వేయించడానికి 5,400 రూపాయలయింది. ఈ పుస్తకం మీద నేను పెట్టిన డబ్బులో దండుగ కానిది అదే.

పుస్తకం 2025 జనవరిలో వచ్చింది. గుమాస్తాను గనుక జమాఖర్చు చెప్పకపోతే నాకు తోచదు. వేసినవి 500 ప్రతులు. తిరిగి వేసిన ఫారం కాక ఖర్చు 66,600 రూపాయలు. చట్టప్రకారం గ్రంథాలయాలకు పంపినవి 4. బంధుమిత్రులకు ఊరికే ఇచ్చినవి 160. చేతిమీద 150 రూపాయల చొప్పున అమ్మినవి 143. పుస్తకాల షాపులకు ఇచ్చినవి 80, వాటిలో 26 ప్రతులకు కమీషను పోను ప్రతికి 120 చొప్పున డబ్బు వచ్చింది. మొత్తం జమ 24,570. నష్టం 42,030. ఇద్దరికీ సగం సగం. మిగిలిన 113 ప్రతులు మా ఇంట్లో మంచం కింద ఉన్నవి. మా ఇంటావిడ ఊడ్చినప్పుడల్లా వాటిని పలకరిస్తుంది.

మీలో రాద్దామనుకునేవారికి నాలుగు సలహాలు. మొదటిది, ఇద్దరు కలిసి రాసేటట్లయితే పేర్ల వరుస, ఖర్చుల వాటా, భేదం వస్తే ఎవరి మాట నిలవాలి అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. స్నేహం ఎంత గట్టిదైనా సరే. ఎవరి మీద గడిచిన సంగతో ఆ సంగతిలో వారి మాటే నిలవాలన్నది నా అనుభవం. రెండోది, ఆమోదించిన ప్రతి ఒకటే ఉండాలి. దాని మీద తేదీ వేసి ఇద్దరూ సంతకం చేయండి. తరువాత ముట్టుకోవద్దు. మూడోది, కమ్యుటేషను డబ్బు, ఫిక్సుడు డిపాజిట్లు కదపవద్దు. 500 వేయనక్కర లేదు, డిజిటల్ ప్రింటులో 100 కూడా వేసుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ నంబరు ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి ఎవరికీ డబ్బు కట్టవద్దు. 1954 నాటి పుస్తకాల చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు పెద్ద గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. నాలుగోది, పోస్టు ఖర్చు లెక్కలో వేసుకోండి. రిజిస్టర్డ్ బుక్‌పోస్టు సదుపాయాన్ని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తివేసింది. సరిగ్గా మా పుస్తకం వచ్చే ముందు నెల! మా గ్రహచారం అలా ఉన్నది.

కాపీరైటు సంగతి చెబితే మీకు నవ్వు వస్తుంది. రచయిత పోయిన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే, ఇద్దరిలో చివర పోయినవారి నుంచి లెక్క. పంతులుగారు ఈ మాట విని, "అట్లయితే మీరు బాగ నడవుండ్రి, పొద్దున్నే లేవుండ్రి. పుస్తకం ఆయుష్షు మీ చేతుల ఉన్నది" అంటున్నారు.

ఆవిష్కరణ సభ పెద్ద హాలులో చేయలేదు. ముంపు ఊరివాళ్లు వచ్చి స్థిరపడ్డ ఒక కాలనీలో, వేపచెట్టు కింద నాలుగు చాపలు పరిచి చేశాం. ఆ చింతచెట్టు ప్రకరణం నేనే చదివాను. "గుమాస్తా తల ఎత్తలేదు" అని చదివి, పుస్తకంలోంచి తల ఎత్తి అందరినీ ఒకసారి చూశాను. "అమ్మా, అయ్యా, నేనూ అటువంటి గుమాస్తానే" అని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. వెనుక వరుసలో ఒక ముసలాయన చేతికర్ర ఊతంతో లేచి, "చింతచెట్టు సంగతి బాగనే రాసిన్రు. మా బాయికాడి మామిడిచెట్లు మూడు ఏడ రాసిన్రు?" అని అడిగాడు. పంతులుగారు నా వైపు తిరిగి, "రాసుకోండ్రి సారూ" అన్నారు. జేబులోంచి డైరీ తీసి, ఆయన ముఖం చూస్తూ వివరాలడిగి రాసుకున్నాను. ఆయన తరువాత ఇంకొకరు లేచారు. ఆ రోజు చీకటి పడేదాకా రాశాను.

ఆ డైరీ ఇప్పుడు సగం నిండింది. ఈ వయసులో ఇంకొక పుస్తకమా అని మా ఇంటావిడ అడగలేదు. మంచం కింద జాగా ఎక్కడున్నదని మాత్రం అడిగింది. కనుక ఇక్కడున్న సోదరులు తలా ఒకటి తీసుకుపోయి జాగా ఖాళీ చేయవలసిందిగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను.